శుక్రవారం జవాబులు

మనుషుల మనసులో దిగులు ఎంత ఉందో కొలిచి రాసుకొచ్చే ఉద్యోగం నేను ఏడాదికి కాస్త తక్కువ కాలం చేశాను. అంతకు ముందు కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. పిల్లలు చేరక అది మూతపడింది. చివరి ఏడాది నా తరగతిలో పిల్లల కన్నా ఫ్యాన్లు ఎక్కువ, ఫ్యాన్ల కన్నా పావురాలు ఎక్కువ. ఉన్నవాళ్ళలో పావురాలే కొంచెం శ్రద్ధగా వినేవి. ఆ రోజుల్లో ఒక మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు గారికి పడమటి పల్లెల మాట తెలిసినవాడు, మోటారు సైకిలున్నవాడు, నోరున్నవాడు కావాలని తెలిసి వెళ్ళాను.

"సైకాలజీ గురించి మీకేమైనా తెలుసా?" అని ఆయన అడిగాడు.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటర్ పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఉద్యోగం మాత్రం ఇచ్చాడు.

చెప్పడానికి సులువైన పని. కరువు పల్లెల్లో ఆడవాళ్ళకు ఎనిమిది వారాల పాటు 'శ్వాస తరగతి' పెడతారు. వారానికి రెండు రోజులు గుండ్రంగా కూర్చుని కళ్ళు మూసుకుని గాలి పీల్చి వదలాలి. ఆ తర్వాత మనసులో మాట ఒకరికొకరు చెప్పుకోవాలి. తరగతికి ముందు ఒకసారి, తరగతి అయ్యాక ఒకసారి నేను వెళ్ళి నలభై ప్రశ్నలడిగి వాళ్ళ దిగులు కొలవాలి. దిగులు తగ్గి ఉంటే తరగతి మంచిదని తేలినట్లు. తేలితే తక్కిన మండలాల్లోనూ పెడతారు.

తరగతి నడిపేది ప్రొఫెసరు గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. రాజంపేటలో కిరాణా అంగడి నడిపే ఇంటి పిల్ల. తూకం ఆమె ఒంట్లోనే ఉంది. టిఫిను దగ్గర నేను రెండు ఇడ్లీలు తిన్నానంటే, 'మూడు సార్, ఒకటి నిలబడి తిన్నారు' అని సరిచేసే రకం.

మేం పని చేసిన పల్లె పేరు చెప్పను. దాని దారిలో ఉన్న గుంతలకు తలా ఒక పేరు పెడితే ఒక వార్డు ఓటర్ల జాబితా తయారవుతుంది. ఊరు చేరేసరికి నా చొక్కా మీద పేరుకున్న దుమ్ములో గింజ పడితే మొలిచేది. ఒకసారి మొలిచిందని కూడా ఇంట్లో చెప్పాను. మా ఇంట్లో నా మాటకు మామూలుగా పావలా వంతు విలువ కట్టి వింటారు. ఆ రోజు అది కూడా కట్టలేదు.

ఇక ఆ నలభై ప్రశ్నలు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ముగ్గురు పండితుల కమిటీ ఒకటి తెలుగు చేసింది. 'గత పక్షము దినములలో తాము నిస్పృహకు లోనైన సందర్భములు ఏ మేరకు కలవు?' ఇది మొదటి ప్రశ్న. నేను గొంతు సవరించుకుని గడగడా చదివితే, పలుగు పట్టుకుని నిలబడిన ఒక ముసలామె తల మీద కొంగు కప్పుకుని చేతులు జోడించింది.

"పూజ చేపిస్తాండావేమప్పా? మా గోత్రం చెప్పల్లనా?" అంది.

అప్పటి నుంచి ప్రశ్నలు మన మాటలో అడిగాను. జవాబుకు ఐదు మెట్లుండేవి. అస్సలు లేదు అంటే ఒకటి, ఎప్పుడూ అదే అంటే ఐదు. కాగితం మీది మెట్లు వాళ్ళకు పట్టవు గనక ఐదు బుడ్డలు అరచేతిలో పెట్టి, నీకు ఎంత దిగులుంటే అన్ని బుడ్డలు నాకు తిరిగియ్యి అనేవాణ్ణి. బుడ్డలంటే వేరుశనగకాయలు, మా దిక్కున ఎవరి చేతిలోనూ ఎక్కువసేపు నిలవవు. ఒకామె జవాబు ఆలోచించే లోపల తన దిగులులో సగం నమిలేసింది.

మొదటి కొలత మే నెలలో, కరువు పని దగ్గర. ఉపాధి పనిని మా పల్లెల్లో కరువు పని అనే అంటారు. ఊరి బయట గుట్ట వాలులో కందకాలు తవ్వుతున్నారు. ఆ ఎండ ఎలాంటిదంటే, నా మోటారు సైకిలు సీటు మీద రొట్టె వేస్తే రెండో వైపు తిప్పే పని లేదు. నలభై మంది ఆడవాళ్ళు ఒకేచోట గుంపుగా కూర్చున్నారు. ఒకరిని అడుగుతుంటే ముప్పై తొమ్మిది మంది వింటున్నారు. కాగితం, పెన్ను, అడిగే మనిషి కనబడితే ఏదో స్కీము రాబోతోందని మా వాళ్ళకు గట్టి నమ్మకం.

"దానికి నాలుగేస్తివి. దానికంటే నాకేం తక్కువ దిగులుండాది? ఐదెయ్యి" అని ఒకామె.

"దాని మొగుడు దుడ్లు ఇంటికి తెస్తాడప్పా. దానికి రెండు శానా" అని ఇంకొకామె.

"ఓసి నీ నోట్లో మన్నుపడ, నువ్వు చూసొచ్చినావా ఆయప్ప తెచ్చేది?" అని మొదటామె.

దిగులు వేలంపాట అయింది. నేను పాట పాడేవాడిలా మధ్యలో నిలబడి 'నాలుగు, నాలుగున్నర ఇంకెవరైనా?' అని నవ్వించాను కూడా. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఐదులు వేయించుకున్నారు.

ఒకామె మాత్రం ఆ గుంపులో లేదు. కాస్త అవతల తుమ్మచెట్టు కింద గంప బోర్లించుకుని కూర్చుంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. మొగుడు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ తోలుతాడు, నెలకో సారి ఇంటికొస్తే వచ్చినట్లు. ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. బుడ్డలు తినలేదు. ప్రతి ప్రశ్నకూ ఆలోచించి, లెక్కపెట్టి, నా చేతిలో పెట్టింది. కొన్నింటికి ఐదు, కొన్నింటికి రెండు, నిద్రకు మూడు. మధ్యలో ఆగి తనే చెప్పింది.

"నాకు ఇదని కారణం లేదన్నా. ఇంట్లో కొట్టేటోళ్ళు లేరు, తిట్టేటోళ్ళు లేరు. ఊరికే వస్తాది. మూడేండ్ల కింద రెండు తూర్లు బాయి గట్టు మింద పోయి కూచుంటి. రెండో తూరి మా ఊరి ఆశ వర్కరు, ఆశక్క చూసి, రెక్కబట్టి ఆసుపత్రికి పిల్చుకపాయె."

"ఏ ఆసుపత్రికమ్మా?"

"మండలం దాంట్లోనే. బుధవారం డాక్టరు వస్తాడు గదా, కర్నూలు నుంచి, మనసు డాక్టరు. ఆయప్ప మాత్రలిస్తాండాడు. మాత్ర మింగినా ఇది ఉంటాదన్నా. మింగితే లేచి రొట్టె చేసుకుంటా, పనికొస్తా. మింగకపోతే కాలు ఆ బాయి దిక్కే లాగుతాది."

బుధవారం డాక్టరు సంగతి తర్వాత నేనూ తెలుసుకున్నాను. వారానికి ఒకరోజు ఎర్రబస్సులో దిగి, సూదులేసే గది పక్కన చివరి గదిలో సాయంత్రం దాకా కూర్చుంటాడు. మాట తక్కువ. ఆ ఊరి నుంచి ఆమె నడిచే వెళ్ళి, మధ్యాహ్నానికి మాత్రలతో తిరిగొచ్చి, సగం రోజు పని కూడా చేసుకునేది. ఆ నడక దూరంలో ఆ గది ఉండటం మీద ఆమె బతుకు ఆగి ఉంది. ఇది ఆమె నాకు చెప్పిన మాట. నేను కాగితం మీద ఆమె పేరు బదులు ఒక నంబరు రాసుకుని, నలభై గళ్ళూ నింపుకుని వచ్చేశాను. ఈ సంగతి రాయడానికి నలభై ఒకటో గడి లేదు.

జూన్‌లో తరగతి మొదలైంది. రాజంపేట అమ్మాయిని ఊరు మొత్తం ఎత్తుకుంది. ఆమె గాలి పీల్చమంటే వీళ్ళు ఊళ్ళో గాలి అంతా పీల్చేసేవాళ్ళు. బయట మేము ముక్కులు పట్టుకుని ఎదురుచూడాల్సి వచ్చేది. తరగతి అయ్యాక ఆమెకు జడ వేసేవాళ్ళు. కొర్రన్నం పెట్టేవాళ్ళు. సంచి నిండా ఉల్లిగడ్డలు పోసి పంపేవాళ్ళు. మనసులో మాట చెప్పుకోండమ్మా అంటే ముందు ఆ పిల్ల మనసులో మాట అడిగి చెప్పించుకునేవాళ్ళు. తుమ్మచెట్టు ఆమె కూడా వచ్చేది. చివర్లో కూర్చునేది. కళ్ళు మూసుకోమంటే మూసుకునేది కాదు. మూసుకుంటే బావి కనబడుతుందని అమ్మాయితో చెప్పిందట. సరే, తెరుచుకునే ఉండక్కా అని అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేది.

ఇప్పుడు నేను చేసిన మొదటి వెధవ పని చెప్పాలి. ఆరో వారంలో ఆడవాళ్ళు కొందరు నన్ను పట్టుకున్నారు.

"అప్పా, మళ్ళా బుడ్డలు తీస్కొని వస్తావంటనే. అప్పుడు మేము తగ్గలేదంటే ఏమైతాది?"

నిజం చెప్పాల్సిన చోటు అది. ఏమీ కాదమ్మా, ఉన్నదున్నట్లు చెప్పండి అనాలి. నాకు నోరు ఊరుకోదు కదా.

"ఏమైతాది? ఈ పాప పరీక్ష తప్పుతాది. వాళ్ళ నాయన రాజంపేట నుంచి లారీ వేసుకుని వచ్చి, ఈ యమ్మను తీస్కపోయి అంగట్లో చింతపండు తూకమెయ్యను కూచోబెడతాడు. జీవితమంతా చింతపండే" అన్నాను. వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నా హాస్యానికి నేనే మురిసిపోతూ ముప్పై కిలోమీటర్లు బండి తోలాను.

రెండో వెధవ పని ఇంకా పెద్దది, అందులో హాస్యం కూడా లేదు. రెండో కొలత ఎప్పుడు పెట్టుకోవాలని ప్రొఫెసరు గారు అడిగితే శుక్రవారం సాయంత్రం అన్నాను. శుక్రవారమైతే ఆడవాళ్ళు పని నుంచి తొందరగా వస్తారు, ఇళ్ళలోనే ఉంటారు, ఊరంతా ఒక్క పూటలో అయిపోతుంది. ఆయన నా తెలివిని మెచ్చుకున్నాడు. వరుసగా రెండు శుక్రవారాలు అనుకున్నాం.

శుక్రవారం సాయంత్రమంటే ఏమిటో నాకు తెలియదా? నేను పుట్టింది అలాంటి ఇంట్లోనే. తలకు పోసుకుని, గడపకు పసుపు రాసి, దీపం వెలిగించాక ఇంట్లో కష్టం మాట ఎత్తరు. పిల్లోడు ఏడిస్తే నోరు మూస్తారు. చుట్టమొచ్చి ఎట్లుండారు అని అడిగితే కాలు విరిగి పడుకున్నవాడు కూడా బాగుండామనే అంటాడు. ఆ వేళ ఇంట్లో అన్న మాటను ఇల్లు వింటుందని, విన్నది అక్కడే ఉండిపోతుందని నమ్మకం. చిన్నప్పుడు శుక్రవారం దీపాల వేళ 'నేను ఫెయిలయినా' అని చెప్పినందుకు నా వీపు మీద మా అవ్వ వేసిన దెబ్బకు ఇప్పటికీ చలికాలంలో అక్కడ కొంచెం వెచ్చగా ఉంటుంది. ఇవన్నీ తెలిసినవాణ్ణి, ఆ వేళకే, ఆ గడపల మీదికే, 'చచ్చిపోవాలని అనిపిస్తుందా' అనే ప్రశ్న పట్టుకుని పోయాను.

మేలో ఐదుకు తగ్గనన్న మనిషి గడపలో నిలబడి బుడ్డలు ముట్టుకోలేదు.

"ఒకటే ఎయ్యప్పా అన్నింటికీ."

"అమ్మా, ప్రశ్న అడగనియ్యి."

"ఏంది అడిగేది? దీపం ముందర అట్లాంటివి అడగొచ్చునా? సదువుకున్నోనివి. ఒకటి కంటే తక్కువుంటే అదెయ్యి" అంది.

పక్కింట్లో అత్తగారు కోడలికి బదులు తనే చెప్పింది. "నా కోడలు నిమ్మళంగా ఉండాది. నేనూ నిమ్మళంగా ఉండా. పాలిచ్చే మా యనుము కూడా నిమ్మళంగానే ఉండాది, రాసుకో. ఆ పాప పాసయితాదా, లేదా?"

అందరి గళ్ళూ ఒకటితో నిండాయి. అంత ప్రశాంతత నేను శ్మశానంలో కూడా చూడలేదు.

తుమ్మచెట్టు ఆమె ఇల్లు వరసలో చివరిది. తల ఆరబోసుకుని ఉంది. లోపల దీపం వెలుగుతోంది. దీపం గూటి పక్కనే మాత్రల అట్ట ఆనించి ఉంది. చూశాను. నేను బుడ్డలు చేతిలో పెడితే ఒకటి తీసి నాకిచ్చింది. ప్రతి ప్రశ్నకూ ఒకటే.

"నిద్ర పడుతుందామ్మా?"

"పడ్తాదన్నా."

"బావి దిక్కు..."

ఆమె చటుక్కున దీపం వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. "అట్లాంటిదేం లేదన్నా. అంతా బాగుండాది. ఆ పాప శానా బాగ నేర్పింది. రాసుకో."

నాకు తెలుసు. అది దీపానికి చెప్పిన జవాబు. వేరే రోజు వస్తానమ్మా అని లేచి ఉండాల్సింది. కానీ ఇంకా రెండు ఇళ్ళున్నాయి, పొద్దుగూకుతోంది, దారిలో గుంతలున్నాయి. రాసుకున్నాను.

ఏడుగురు మాత్రం ఆ రెండు శుక్రవారాలూ దొరకలేదు. ఉల్లిగడ్డలు పెరికే పనికి పక్క ఊరికి పోయారు. వాళ్ళ కోసం ఒక మంగళవారం ఆ పొలానికే పోయి, గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరిని విడిగా అడిగాను. వాళ్ళు చేతులు కొంగుకు తుడుచుకుని, బుడ్డలు లెక్కపెట్టి ఇచ్చారు. మేలో ఇచ్చినన్ని ఇచ్చారు, ఒకటి అటూ ఇటూ.

ప్రొఫెసరు గారు కంప్యూటర్‌లో వేస్తే గీత కొండ మీది నుంచి రాయి దొర్లినట్లు కిందికి పడింది. అంత బాగా పడిన గీత తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. జీవితమంతా మనసులు కొలిచి, ఎప్పుడూ 'కొంచెం', 'ఉండొచ్చు', 'చెప్పలేం' అనే తేలి, విసిగిపోయిన మనిషి. ఆ గీతను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మాకందరికీ బిర్యానీ పెట్టించాడు. నేను రెండు పళ్ళేలు తిన్నాను. అమ్మాయి మూడు అంటుంది.

వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. అందులో ఉదాహరణకు ఒక మనిషిని ప్రత్యేకంగా ఒక పేరాలో రాశారు. తీవ్రమైన దిగులుతో తరగతికి వచ్చి, ఎనిమిది వారాల్లో పూర్తిగా నిమ్మళించిన గ్రామీణ మహిళ. పేరు లేదు, నంబరుంది. ఆ నంబరు తుమ్మచెట్టు కింద నేనే రాసుకున్నది.

ఆ వ్యాసం జిల్లా ఆఫీసుకు పోయింది. అక్కడ మీటింగు జరిగింది. తరగతితోనే ఇంత తగ్గే చోట డాక్టరు వారంవారం రావడం దండగని తేల్చారు. ఉన్నదే ఒక్క డాక్టరు, ఆయన కావాలని అడిగే మండలాలు ఎన్నో. ఆయన బుధవారం వేరే మండలానికి పోయింది. చివరి గదిలో బల్ల తీసేసి చాపలు పరిచారు. గోడకు ఆకుపచ్చ రంగు వేశారు. శ్వాస తరగతి అని బోర్డు పెట్టారు.

ఇదేదీ నాకు తెలియదు. తుమ్మచెట్టు ఆమె ఫోను చేసేదాకా.

"అన్నా, బుధవారం డాక్టరు మూడు వారాలాయె, రాలేదు. గదిలో చాపలుండాయి. గాలి పీల్చుకోని పొమ్మంటాండారు. ఆయప్ప మళ్ళా ఎప్పుడొస్తాడో మీ పెద్దసార్ను అడుగుతావా?"

అడుగుతానన్నాను. ముందు అమ్మాయికి చెప్పాను. ఆమె రెండు రోజులు నా కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. మూడో రోజు నన్ను పిలిచి ఒకే మాట అడిగింది.

"సార్, మంగళవారం అడిగిన ఏడుగురికి ఏం తగ్గలేదు. శుక్రవారం అడిగినోళ్ళకు అందరికీ తగ్గింది. తరగతి ఒకటే, చెప్పింది నేనే. తేడా యాడుండాది?"

అన్నీ చెప్పాను. దీపం సంగతి, చింతపండు సంగతి, మే నెలలో వేలంపాట సంగతి. ఆమె నోటుబుక్కులో రాసుకోలేదు. పెన్ను మూత పెట్టేసింది.

"అయితే ముందు చెప్పింది నిజం కాదు, తర్వాత చెప్పింది నిజం కాదు. మన దగ్గరుండేది ఏంది సార్?"

"గీత" అన్నాను. ఆమె నవ్వలేదు. నేను నవ్వించడానికి అనలేదు కూడా.

ఇద్దరం ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపికగా విన్నాడు.

"ఆ ఏడుగురివి పొలంలో అడిగినవి. ఇంట్లో అడగాలన్న నియమం తప్పినవి. అందుకే వాటిని తీసేశాం. వ్యాసంలో కింద రాశాం కూడా" అన్నాడు.

"మొదటిసారి అందరినీ పనిచోటే అడిగినాం గదా సార్" అంది అమ్మాయి.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు ఆ గీతను చెరిపేస్తే నీ పీహెచ్‌డీలో ఏం మిగులుతుంది? మళ్ళీ మొదలు పెట్టడానికి దుడ్డెవరిస్తారు, నాకెన్నేళ్ళ సర్వీసుంది? తరగతి వల్ల ఎవరికీ చెడు జరగలేదు కదా."

"ఒకామెకు డాక్టరు పోయినాడు సార్."

"అది ఆఫీసువాళ్ళు చేసింది" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

సరేనని ఆఫీసుకు పోయాను. అమ్మాయిని రావద్దన్నాను. అక్కడి అధికారి నాకు టీ తెప్పించి, వ్యాసం బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. పసుపు రంగు గీతలు పెట్టుకుని చదివిన మనిషి.

"ఆ శుక్రవారం జవాబులు రాసుకున్నది నేనే సార్. అవి నిజం కాదని రాస్తాండగానే నాకు తెలుసు. కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే పెడతా" అన్నాను.

"అంటే నువ్వు తెలిసి తెలిసి అబద్ధం రాసుకొచ్చినావు."

"అవును సార్."

"మరి ఈ పొద్దు చెప్పేది నిజమని నేనెట్ల నమ్మల్లప్పా?" అన్నాడు. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "డాక్టర్లు లేరు. ఉన్నోణ్ణి దిగులు ఎక్కువుండే కాడికి పంపిస్తాం. మీ ఊర్లో లేదని మీరే రాసిస్తిరి. ఇప్పుడు ఉండాదంటాండావు. రేపు ఇంకొకరొచ్చి పక్క మండలంలో కూడా లేదంటాడు. నేను దేన్ని పట్టుకోవల్ల?"

ఇంట్లో పావలా విలువ కట్టే నా మాటకు ఆఫీసులో అణా కూడా పలకలేదు. పలకనందుకు ఆయన్ను తప్పుపట్టలేకపోయాను.

అమ్మాయి చివరికి ఆ ఏడుగురి సంగతి తన పరిశోధన గ్రంథంలో వెనక అనుబంధంలో రెండు పేరాలుగా రాసింది. దానికి గురువుగారు ఒప్పుకోవడానికి ఐదు నెలలు పట్టింది. మౌఖిక పరీక్షలో ఎవరూ ఆ పేజీ తిప్పలేదు. డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు కడప దగ్గర ఒక కాలేజీలో పాఠం చెబుతోంది. పరిశోధన చేయడం లేదు. ఫోన్లో మాట్లాడితే వాన సంగతి అడుగుతుంది.

అవన్నీ తేలే లోపల నేను తుమ్మచెట్టు ఆమె పాత మందుల చీటీ తీసుకుని కర్నూలులో మందుల షాపులో మాత్రలు కొని రెండు నెలలు పట్టుకెళ్ళాను. మూడో నెల షాపాయన చీటీ తిరగేసి, "ఇంగ దీనికిచ్చేది లేదు సార్. డాక్టరు మళ్ళా చూసి రాయల్ల. మనిషికి ఎట్లుండాదో నాకేం తెలుసు" అన్నాడు. సరైన మాటే. ఆ మొత్తం వ్యవహారంలో తన పని తాను సరిగ్గా చేసింది ఆయనొక్కడే.

కర్నూలుకు రమ్మని ఆమెను అడిగాను. రెండు బస్సులు, పొద్దంతా పని పోతుంది, ఒక్కదాన్నే ఎట్ల వస్తానన్నా అంది. మా ఆవిడను తోడు తీసుకుని ఆటో మాట్లాడుకుని వస్తాం, పొద్దున్నే తయారుగా ఉండమన్నాను. సరేనంది. తీరా వెళితే వాకిలి సగం వేసి ఉంది. వాళ్ళత్త బయట జొన్నలు చెరుగుతోంది.

"రాదంటప్పా. రెండు దినాలాయె, గోడ దిక్కు తిరిగి పండుకుండాది. రొట్టె కూడా నేనే చేస్తాండా" అంది.

మా ఆవిడ లోపలికి పోయి ఆమె తల దగ్గర కూర్చుంది. నేను గడప దగ్గర కూర్చున్నాను. నాకు అనిపించింది, ఈ మనిషికి నేను ఇవ్వగలిగింది ఒక్క నిజమే మిగిలిందని. అలా ఎందుకు అనిపించిందో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. అది నా బరువు దించుకోవడమే. కానీ చెప్పాను. డాక్టరు ఎందుకు రావడం లేదో, శుక్రవారం నాడు తను ఇచ్చిన ఒక్కొక్క బుడ్డ ఎక్కడెక్కడికి పోయిందో, అందులో తప్పు నాదేనని.

ఆమె గోడ వైపు నుంచి తిరగకుండానే అంది.

"అయితే ఆయప్పను నేనే పంపిస్తి."

"కాదమ్మా. అడగకూడని నాడు అడిగింది నేను."

"అడిగింది నువ్వే. చెప్పింది నేను గదా. నాకొక్కదానికే గాదు, ఆడ ఇంకెవరెవరు వస్తాండ్రో మాత్రలకు. అందరికీ నేనే లేకుండా చేస్తి."

నేను మూడు రకాలుగా కాదని చెప్పాను. మా ఆవిడ నాలుగో రకంగా చెప్పింది. ఇన్నేళ్ళు నోటితో బతికినవాణ్ణి, ఆ గడపలో కూర్చుని నేనన్న ఒక్క మాటా ఆమె దాకా పోలేదు. ఆమె మాత్రం ఆ ఒక్క సంగతినీ పూర్తిగా నమ్మింది. అసలే కారణం లేని దిగులు. ఇప్పుడు నేనే ఒక కారణం తెచ్చి ఇచ్చాను.

"ఆ పాపకు చెప్పొద్దండి. బాధపడ్తాది" అంది.

వాళ్ళత్త మాకు మజ్జిగ ఇచ్చింది. తాగాం. ఆటోవాడు ఇంకా ఎంతసేపని రెండుసార్లు అడిగాడు. ఖాళీ సీటుతోనే తిరిగొచ్చాం.

ఆశ కార్యకర్తకు చెప్పాను. ఆమె రెండుసార్లు వెళ్ళింది. బావికి కంచె వేయమని పంచాయతీలో అర్జీ ఇచ్చాను. తీసుకున్నారు. మొగుడి నంబరు సంపాదించి మాట్లాడితే లారీ శబ్దంలో 'వస్తా సార్, లోడు దింపి వస్తా' అన్నాడు. ఏ లోడో చెప్పలేదు.

ఆమె నాకు మళ్ళీ ఫోను చేయలేదు. బుధవారం బుధవారం నేనే చేస్తాను. వాళ్ళత్త ఎత్తుతుంది. ఎట్లుంది అని అడిగితే, "ఉండాదప్పా" అంటుంది. ఆ ఉండటం ఎంత, ఒకటా ఐదా అని అడగడానికి నాకు ఇక నోరు రాదు. సరేనమ్మా అని పెట్టేస్తాను.